తిండి యావకు డబ్బాలో మందు ఉందా?

మారతహళ్లిలో ఒక పీజీ గది అనుకుందాం. రాత్రి పదకొండున్నర. ఎనిమిదిన్నరకే కింద మెస్‌లో పప్పు, బెండకాయ వేపుడు, పెరుగుతో భోజనం అయిపోయింది. ఆకలి లేదు. అయినా వేలు ఫోన్ మీదికి పోతుంది. రెండు పెద్ద చిప్స్ ప్యాకెట్లు, ఒక ఐస్‌క్రీమ్ డబ్బా. డబ్బు కట్టే ముందు యాప్ అడుగున ఇంకో బొమ్మ కనిపిస్తుంది: ‘క్రేవింగ్స్‌ను అదుపు చేసే’ గమ్మీలు. సరే, అదీ ఒకటి పడేస్తే పోలా. పావుగంటలో రోగమూ మందూ ఒకే కాగితం సంచిలో గేటు దగ్గరికి వచ్చేస్తాయి.

ఉద్యోగాల కోసం బెంగళూరు చేరి మారతహళ్లి, బీటీఎం, ఎలక్ట్రానిక్ సిటీల్లో ఒంటరిగా ఉండే తెలుగువాళ్లకు ఈ సంచి కొత్త కాదు. ఊళ్లో ఉన్నప్పుడు "చాల్లే, ఇక నోరు కట్టుకో" అనే మనిషి ఇంట్లో ఎవరో ఒకరు ఉండేవారు. ఇక్కడ ఆ పని గమ్మీకి అప్పజెప్పారు. గమ్మీ ఆ పని చేయగలదా? కొట్టిపారేయాల్సిన ప్రశ్న కాదిది. ఈ డబ్బాల్లో వాడే పదార్థాలన్నీ ఉత్త మోసం కావు. కొన్నింటి మీద నిజంగానే ప్రయోగాలు జరిగాయి. ఆ ప్రయోగాల్లో తేలిందేమిటి, డబ్బా మీద రాసిందేమిటి అని పక్కపక్కన పెట్టి చూస్తేనే అసలు కథ తెలుస్తుంది.

ముందు యావ సంగతి. ‘ఫుడ్ అడిక్షన్’ అనే మాటను అమెరికన్ వైద్యుడు థెరన్ రాండాల్ఫ్ 1956లోనే వాడాడు. దాన్ని కొలవడానికి ఒక ప్రశ్నావళి మాత్రం 2009లో వచ్చింది. యేల్ విశ్వవిద్యాలయంలో యాష్లీ గేర్‌హార్ట్, ఆమె సహచరులు తయారుచేశారు. మద్యం, మత్తుపదార్థాల వ్యసనాన్ని గుర్తించే లక్షణాలనే తిండికి అన్వయించి అడుగుతారు. అనుకున్నదానికన్నా ఎక్కువ తింటున్నారా, మానాలని ఎన్నిసార్లు ప్రయత్నించి ఓడిపోయారు, హాని అని తెలిసీ ఆపలేకపోతున్నారా, ఇలా. 2016లో దాన్ని 35 ప్రశ్నలకు పెంచారు. అయినా మానసిక వైద్యులు ప్రామాణికంగా వాడే డీఎస్ఎం-5లో ఫుడ్ అడిక్షన్‌కు రోగంగా చోటు దొరకలేదు. 2013లో ఆ పుస్తకంలో విడిగా చోటు దొరికింది బింజ్ ఈటింగ్ డిజార్డర్‌కు. కొద్ది సమయంలో అదుపు తప్పి విపరీతంగా తినడం, తర్వాత సిగ్గుతో, బాధతో కుమిలిపోవడం, సగటున వారానికి ఒక్కసారైనా మూడు నెలల పాటు అలా జరగడం దాని గుర్తులు.

ఈ తగవు ఎందుకంటే, సారాలో ఇథనాల్ ఉంది, బీడీలో నికోటిన్ ఉంది, మరి బిర్యానీలో ఏముంది? ఫలానా పదార్థం అని వేలు పెట్టి చూపించలేం. గేర్‌హార్ట్ వాదన ఏమిటంటే, మెత్తగా శుద్ధి చేసిన పిండిపదార్థమూ కొవ్వూ ఒకే ముద్దలో కలిసి రావడం ప్రకృతిలో అరుదు, ఫ్యాక్టరీలో మామూలు. చిప్స్, ఐస్‌క్రీమ్, అయ్యంగార్ బేకరీ దిల్‌పసంద్ అన్నీ ఆ కోవలోవే. జామకాయకు బానిసైన మనిషి ఎవరూ కనపడరు కదా. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో కెవిన్ హాల్ 2019లో చేసిన ప్రయోగం ఈ వాదనకు బలం ఇచ్చింది. 20 మందిని నెల రోజులు అక్కడే ఉంచి, రెండు వారాలు బాగా ప్రాసెస్ చేసిన తిండి, రెండు వారాలు మామూలు వంట పెట్టారు. వడ్డించినదాంట్లో చక్కెర, కొవ్వు, పీచు లెక్కలు రెండింటిలోనూ సమానమే. ఎంత కావాలంటే అంత తినొచ్చు. ప్రాసెస్ చేసిన తిండి ఉన్న రోజుల్లో వాళ్లు రోజుకు దాదాపు 500 కేలరీలు ఎక్కువ తిన్నారు.

ఇంకో ప్రయోగం ఎలుకల మీద. ప్రిన్స్‌టన్‌లో బార్ట్ హోబెల్ బృందం ఎలుకలను రోజూ 12 గంటలు పస్తు పెట్టి, తర్వాత దాణాతో పాటు చక్కెర నీళ్లు ఇచ్చింది. కొన్నాళ్లకు అవి ఆబగా తాగడం మొదలుపెట్టాయి. రోజంతా చక్కెర నీళ్లు అందుబాటులో ఉన్న ఎలుకలు అలా ఎగబడలేదు. చక్కెర ఒక్కటే కాదు, పస్తు తర్వాత చక్కెర అన్నది తేడా తెచ్చింది. పొద్దున క్యాబ్ కోసం పరుగెడుతూ టిఫిన్ మానేసి, మధ్యాహ్నం మీటింగుల మధ్య రెండు బిస్కెట్లతో సరిపెట్టి, రాత్రి పదకొండుకు యాప్ తెరిచే మనిషికి ఈ ఎలుక ఎవరో చెప్పక్కర్లేదు.

ఇప్పుడు డబ్బాల్లోకి వెళ్దాం. అన్నింటిలోకీ ఆసక్తికరమైనది పొడపత్రి. మన తూర్పు కనుమల్లో పెరిగే తీగే. హిందీలో గుడ్‌మార్ అంటారు, బెల్లాన్ని చంపేది అని. బెంగళూరు గ్రంథిగె అంగళ్లలో, అంటే పూజ సామాను, మూలికలు అమ్మే దుకాణాల్లో, మధునాశిని అని అడిగితే ఎండుటాకు గానీ పొడి గానీ ఇస్తారు. ఈ పేర్లు ఊరికే పెట్టినవి కావు. పచ్చి ఆకును ఒక నిమిషం నమిలి ఉమ్మేసి, నోట్లో చెంచాడు పంచదార వేసుకుంటే తీపి అసలు తెలియదు. ఇసుక నమిలినట్టు ఉంటుంది. చాక్లెట్ పెట్టుకుంటే మైనం ముద్ద. కాఫీ తాగితే ఉత్త చేదు. ఆకులోని జిమ్నెమిక్ ఆమ్లాలు నాలుక మీద తీపిని పట్టే గ్రాహకాలను కాసేపు మూసేస్తాయి. అరగంట నుంచి గంటలోపు తీపి మళ్లీ తెలుస్తుంది. (తీపిని చంపే గుణం జుజుబ రకం రేగు ఆకుకు కూడా ఉంది, అంత బలంగా కాకపోయినా.)

దీన్ని చప్పరించే బిళ్లగా చేసి ఇచ్చిన ప్రయోగాల్లో, బిళ్ల చప్పరించిన వెంటనే జనం తక్కువ తీపి పదార్థాలు తీసుకున్నారు. కాబట్టి ఇది నిజంగా పనిచేస్తుంది, కాసేపు. అసలు మెలిక ఇక్కడుంది. మార్కెట్లో ఎక్కువగా అమ్మేది బిళ్ల కాదు, క్యాప్సూల్. పొడపత్రి పనిచేసేది నాలుక మీద. క్యాప్సూల్ నాలుకకు తగలకుండా నేరుగా కడుపులోకి పోతుంది. వాకిలి దగ్గర నిలబడాల్సిన కాపలాదారుని తీసుకెళ్లి పెరట్లో కూర్చోబెట్టినట్టు. క్యాప్సూల్‌కు రక్తంలో చక్కెర తగ్గించే గుణం కొంత ఉందని చిన్న అధ్యయనాలు చెబుతున్నాయి. ఆ గుణం వల్లనే షుగర్ మాత్రలు వాడేవాళ్లు డాక్టరుకు చెప్పకుండా వేసుకుంటే చక్కెర మరీ పడిపోయే ప్రమాదం ఉంది. అయినా అది వేరే సంగతి, యావకు దానికీ సంబంధం లేదు. పైగా మనవాళ్ల బలహీనత ఎప్పుడూ తీపే అయితే బాగుండు. మిక్చర్, కారప్పూస, చికెన్ 65, రాత్రి పన్నెండుకు బిర్యానీ... ఉప్పూ కారం ముందు పొడపత్రి చేతులెత్తేస్తుంది.

యావ నోట్లో ఉంటుందా, ఒంట్లో ఉంటుందా అనే ప్రశ్నకు 1994లో విల్లా మిచెనర్, పాల్ రోజిన్ ఒక చక్కటి జవాబు కనిపెట్టారు. చాక్లెట్ అంటే పడి చచ్చే కొందరికి, యావ పుట్టినప్పుడు తెరవమని పెట్టెలు ఇచ్చారు. ఒకదాంట్లో మామూలు చాక్లెట్, ఒకదాంట్లో కోకో ఘనపదార్థం లేని తెల్ల చాక్లెట్, ఒకదాంట్లో కోకో పొడి నింపిన క్యాప్సూల్స్, ఇంకోదాంట్లో ఉత్తుత్తి క్యాప్సూల్స్. చాక్లెట్‌లోని రసాయనాల కోసమే ఒళ్లు తపిస్తోందంటే కోకో క్యాప్సూల్‌తో తీరాలి. తీరలేదు. మామూలు చాక్లెట్‌తో బాగా తీరింది, తెల్లదానితో కొంత తీరింది, క్యాప్సూల్‌తో ఏమీ కాలేదు. "చాక్లెట్ తినాలనిపిస్తోందంటే ఒంట్లో మెగ్నీషియం తగ్గినట్టు" అని రీల్స్‌లో చెప్పేవాళ్లు ఈ పెట్టెల సంగతి తెలుసుకుంటే మంచిది. మెగ్నీషియం కోసమే అయితే ఒళ్లు తోటకూర అడగాలి, గుమ్మడి గింజలు అడగాలి. ఎవరికీ రాత్రి పదకొండున్నరకు తోటకూర మీద మనసు పోదు.

గమ్మీల్లో, క్యాప్సూళ్లలో ఎక్కువగా కనిపించే పేరు క్రోమియం పికోలినేట్. ఇన్సులిన్ పనికి క్రోమియం తోడ్పడుతుంది కాబట్టి చక్కెర యావ తగ్గుతుందని తర్కం. 2008లో పిండిపదార్థాల మీద యావ ఉన్న 42 మంది లావుపాటి స్త్రీలకు రోజుకు 1000 మైక్రోగ్రాములు ఎనిమిది వారాలు ఇచ్చి చూశారు. తినే మోతాదు, ఆకలి కొంత తగ్గాయి. బింజ్ ఈటింగ్ ఉన్న 24 మందితో 2013లో జరిగిన ఇంకో చిన్న ప్రయోగంలో మంచి సూచనలు కనిపించాయి గానీ గట్టిగా నిలబడే తేడా రాలేదు. అదే ఏడాది, వైద్య ప్రయోగాలను సమీక్షించే కాక్రేన్ సంస్థ బరువు తగ్గడం మీద 9 ప్రయోగాలను, 622 మందిని కలిపి లెక్కగట్టింది. ఉత్తుత్తి మాత్ర కన్నా సుమారు కిలో ఎక్కువ తగ్గారు. ఆ కిలోను నమ్మడానికి కూడా తగిన ఆధారం లేదని సమీక్షకులే తేల్చారు. ఇక మోతాదు చూడండి. అమెరికా లెక్కల్లో పెద్దవాళ్లకు రోజుకు చాలనుకునే క్రోమియం 25 నుంచి 35 మైక్రోగ్రాములు. ప్రయోగంలో వాడింది దానికి దాదాపు 30 నుంచి 40 రెట్లు. అంతకు మించి నెలల తరబడి మింగి కిడ్నీలు దెబ్బతిన్నవాళ్ల గురించి వైద్య పత్రికల్లో నివేదికలున్నాయి.

నిజంగా భయపడాల్సింది 5-హెచ్‌టీపీ విషయంలో. పశ్చిమ ఆఫ్రికాలో పెరిగే గ్రిఫోనియా అనే మొక్క గింజల నుంచి తీస్తారు. ఒంట్లోకి వెళ్లాక మెదడులో పనిచేసే సెరటోనిన్ అనే రసాయనంగా మారుతుంది. సెరటోనిన్ పెరిగితే కడుపు నిండిన భావన వస్తుంది, కాబట్టి తర్కం పూర్తిగా గాలివాటం కాదు. 1992లో ఇటలీలో స్థూలకాయులకు రోజుకు 900 మిల్లీగ్రాములు ఇచ్చినప్పుడు పిండిపదార్థాలు తినడం తగ్గింది, బరువూ తగ్గింది. వాంతి వచ్చినట్టుండటం కూడా మామూలే, తినడం తగ్గడంలో దాని వాటా ఎంతో మరి. ప్రయోగంలో ఉన్నది 20 మంది. ఆ తర్వాత ఇన్నేళ్లలో పెద్ద ప్రయోగం ఏదీ దాన్ని బలపరచలేదు. ప్రమాదం ఎక్కడంటే, తిండి మీద అదుపు తప్పినవాళ్లలో చాలామందికి దిగులు, టెన్షన్ కూడా ఉంటాయి. ఎస్సిటలోప్రామ్, ఫ్లూఆక్సెటిన్ లాంటి మాత్రలు వాడుతూ ఉంటారు. ఆ మాత్రల మీద 5-హెచ్‌టీపీ కూడా వేస్తే సెరటోనిన్ హద్దు మీరి చెమటలు, వణుకు, జ్వరం, గుండెదడ రావచ్చు, ముదిరితే ప్రాణం మీదికీ రావచ్చు. సైకియాట్రిస్టు "ఇంకేమైనా మందులు వాడుతున్నారా" అని అడిగితే ఈ డబ్బా పేరు ఎవరూ చెప్పరు. అది మందు కాదు, ‘నేచురల్’ కదా అనుకుంటారు. దీని అన్నదమ్ముడైన ఎల్-ట్రిప్టోఫాన్ కూడా సహజమే. 1989లో ఒక తయారీదారు సరుకు వల్ల అమెరికాలో 1,500 మందికి పైగా కండరాల రోగం బారిన పడ్డారు, 30 మందికి పైగా చనిపోయారు.

మిగతావి త్వరగా చూసేయొచ్చు. ఎల్-గ్లూటమిన్ నాలుక కింద పెట్టుకుంటే తీపి యావ పోతుందని జిమ్ముల్లో చెబుతారు, చెప్పుకోదగ్గ ప్రయోగం లేదు. పారాసిటమాల్ మోతాదు మించినప్పుడు ఆస్పత్రిలో ఎక్కించే ఎన్-అసిటైల్ సిస్టీన్‌ను జూదం, జుట్టు పీక్కునే అలవాటు లాంటి వాటిలో పరీక్షించి కొంత ఫలితం చూశారు. తిండి విషయంలో ఎలుకల దగ్గర కనిపించిన ఆశ మనుషుల దగ్గర ఇంకా తేలలేదు. మానుపసుపులో ఉండే బెర్బెరిన్‌ను ‘ప్రకృతి ఇచ్చిన బరువు ఇంజెక్షన్’ అని అమ్ముతున్నారు. పొట్ట తిప్పడం, విరేచనాలు ఖాయంగా కనిపించే ఫలితాలు. పీచు సంగతి కాస్త నయం. ఇసబ్‌గోల్, గ్లూకోమన్నన్ నీళ్లు పీల్చుకుని కడుపులో ఉబ్బుతాయి, నిండుగా ఉన్నట్టు ఉంటుంది. తక్కువ కేలరీల తిండితో పాటు రోజుకు 3 గ్రాముల గ్లూకోమన్నన్ బరువు తగ్గడానికి తోడ్పడుతుందన్న మాటను యూరప్ ఆహార భద్రతా సంస్థ 2010లో ఒప్పుకుంది. నీళ్లు సరిగా తాగకపోతే గొంతులోనే ఉబ్బి అడ్డం పడుతుంది. అయినా నిండిన కడుపుతోనే కదా మనం యాప్ తెరిచింది. ఆకలికి పనికొచ్చేది యావకు పనికిరావాలని లేదు.

ఇంత చెప్పాక ఒక యావను మాత్ర నిజంగానే మాన్పుతుందంటే వింతగా ఉంటుంది. ఉంది. బియ్యం తినే యావ. పీజీలో అర్ధరాత్రి గుప్పెడు పచ్చిబియ్యం నమిలే అమ్మాయి, బలపాలు కొనుక్కుని దాచుకునే అమ్మాయి, ఫ్రిజ్‌లో ఐసు గీకి గీకి తినే అమ్మాయి. "బియ్యం తింటే పెళ్లిలో వాన పడుతుంది" అని ఇళ్లలో బెదిరించడం తెలుగువాళ్లకు తెలిసిందే. వైద్యంలో దీన్ని పైకా అంటారు. చాలాసార్లు దీని వెనక ఐరన్ లోపం ఉంటుంది. అందరి విషయంలో కాదు గానీ, లోపం ఉన్నవాళ్లకు ఐరన్ ఇస్తే ముఖ్యంగా ఐసు యావ కొద్ది రోజుల నుంచి కొన్ని వారాల్లో తగ్గిపోతుంది. ఒక్కోసారి హిమోగ్లోబిన్ పెరగక ముందే. ఇది అరుదైన లోపం కూడా కాదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం.

సప్లిమెంట్ అనే మాటకు అర్థమే తక్కువైనదాన్ని పూరించేది అని. ఇక్కడ తక్కువైనది ఒకటుంది, పూరించారు, యావ పోయింది. చిప్స్ యావలో ఒంటికి తక్కువైనదేమీ లేదు, పూరించడానికి చోటే లేదు. అందుకే డబ్బాకు పెట్టే డబ్బుతో ముందు హిమోగ్లోబిన్, ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే ఫెరిటిన్ పరీక్షలు చేయించుకోవడం తెలివైన పని. లోపం తేలితే ఐరన్ మాత్ర, నిమ్మరసంతోనో జామకాయతోనో, కాఫీ టీలకు దూరంగా. లోపం లేకుండా ఐరన్ మింగకూడదు. ఎక్కువైతే అదీ విషమే.

ఇంకో తక్కువ కూడా ఉంది, దాన్ని ఏ కంపెనీ అమ్మలేదు. 2004లో షికాగో విశ్వవిద్యాలయంలో ఈవ్ వాన్ కాటర్ బృందం 12 మంది ఆరోగ్యవంతులైన యువకులను రెండు రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనిచ్చింది. పదేసి గంటల పడక ఇచ్చిన రాత్రులతో పోలిస్తే కడుపు నిండిందని చెప్పే లెప్టిన్ 18 శాతం తగ్గింది, ఆకలి పుట్టించే గ్రెలిన్ 28 శాతం పెరిగింది. ఏం తినాలనిపిస్తోందని అడిగితే తీపి, ఉప్పు చిరుతిళ్ల వైపే మనసు ఎక్కువగా పోయింది. అమెరికా టైమింగ్స్‌లో కాల్స్ ముగించుకుని రెండింటికి పడుకుని, ఎనిమిదింటికి అవుటర్ రింగ్ రోడ్డు మీద హారన్లతో లేచేవాళ్లు ఈ ప్రయోగాన్ని జీతం తీసుకుంటూ చేస్తున్నారు. "ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు" అన్నారు పెద్దలు. నిద్ర చాలనివాడికి ఆకలే సరిగా తెలియదని ఆ జాబితాలో చేర్చుకోవచ్చు.

డబ్బా వెనక్కి తిప్పి చూస్తే చట్టం కొంత సాయం చేస్తుంది. దేశంలో ఆహార భద్రతను చూసే ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధనల ప్రకారం హెల్త్ సప్లిమెంట్ల లేబుల్ మీద వైద్య అవసరాలకు కాదని రాసి తీరాలి. ముందువైపు ‘క్రేవింగ్స్ మాయం’ అని అరచేయంత అక్షరాలు, వెనకవైపు మందు కాదని చీమ తలకాయంత అక్షరాలు, రెండూ ఒకే డబ్బా మీద. ఆయుర్వేద మందుగా అమ్మితే లైసెన్సు దారి వేరు, అది 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం కిందికి వస్తుంది. అందుకే ఒకే పొడపత్రి ఒక చోట ఆహారం, ఇంకో చోట ఔషధం. స్థూలకాయాన్ని నయం చేస్తామని జనానికి ప్రకటనలివ్వడాన్ని 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం నిషేధించింది. ‘యావ’ అనే మాట ఆ చట్టం పట్టికలో లేదు. ప్రకటనలు రాసేవాళ్లకు ఆ సందు బాగా తెలుసు.

మరి అదుపు నిజంగా తప్పినవాళ్లకు ఏముంది? బింజ్ ఈటింగ్‌కు మొదటి చికిత్స మాత్ర కాదు, మాట. ఆలోచననూ అలవాటునూ మార్చే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీలో మొదట చేయించేది తినడం తగ్గించడం కాదు, వేళకు తినిపించడం. మూడు నాలుగు గంటలకొకసారి ఏదో ఒకటి తినాలి, టిఫిన్ మానకూడదు, ఏం తిన్నారో అప్పుడు మనసు ఎలా ఉందో రాసుకోవాలి. హోబెల్ ఎలుకలకు పస్తు తీసేసినట్టన్నమాట. మందుల్లో లిస్‌డెక్సాంఫెటమిన్‌ను 2015లో అమెరికా ఈ రోగానికి ఆమోదించింది. అలవాటు పడే ప్రమాదం ఉన్న మందు అది. 2025లో మన దేశంలోకి వచ్చిన టిర్జెపటైడ్ ఇంజెక్షన్లు, బరువు తగ్గడానికి వాడే సెమాగ్లూటైడ్ బుర్రలో తిండి గోలను తగ్గిస్తున్నాయని వాడినవాళ్లు చెబుతున్నారు. వాటికి అనుమతి ఉన్నది స్థూలకాయానికీ షుగర్‌కూ, డాక్టరు చీటీ మీద. తిన్నది కక్కేసుకునే అలవాటు ఉన్నవాళ్లు, రోజుల తరబడి పస్తులుండేవాళ్లు వీటి జోలికి సొంతంగా పోకూడదు, ముందు మానసిక వైద్యుల దగ్గరికి వెళ్లాలి.

బెంగళూరులో ఉన్నవాళ్లకు మానసిక వైద్యానికి పేరున్న నిమ్హాన్స్ ఆస్పత్రి దగ్గరే. అక్కడిదాకా వెళ్లడానికి మొహమాటపడేవాళ్లకు ఫోన్‌లోనే మానసిక సాయం అందించే కేంద్ర ప్రభుత్వ టెలీ-మానస్ ఉంది, 2022 అక్టోబరులో మొదలైంది, దాని ప్రధాన కేంద్రం నిమ్హాన్సే. 14416కు ఫోన్ చేసి తెలుగు ఎంచుకోవచ్చు. డబ్బు కట్టక్కర్లేదు. రాత్రి పదకొండున్నరకు కూడా ఎత్తుతారు.